తొడిమ రాలే వేళ

వాన వెలిసి గంట కూడా కాలేదు. ఎర్రమన్ను చెప్పుల కింద అట్టు కట్టి, అడుగడుక్కీ కాలు బరువెక్కుతోంది. నూజివీడులో బస్సు దిగి, ఆగిరిపల్లి దారిలో కొంత దూరం ఆటోలో వచ్చాం. మిగతాది నడక. ఆగస్టు చివరి వారం. రసాల కాపు అయిపోయి రెండు నెలలు దాటింది. మేలో అయితే ఈ బాట నిండా ట్రాక్టర్లు, ప్లాస్టిక్ ట్రేలు, చిక్కం కర్రలు భుజాన వేసుకున్న కోతగాళ్లు, వాళ్ల చేతుల మీద నల్లగా ఎండిన సొన మచ్చలు. ఇప్పుడు ఆకుల మీంచి బొట్లు రాలే చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

మనం వచ్చింది పండు కోసం కాదు, పుల్ల కోసం. జానెడు పొడవు, పెన్సిలంత లావు ఉండే మామిడి పుల్ల. ఉద్యాన శాఖ కరపత్రాల్లో దాన్ని సయాన్ అంటారు. ఇక్కడి అంటుకట్టేవాళ్లకి అది పుల్లే.

తోటలో బావి గట్టున ఉన్న చెట్టు దగ్గర పెద్దాయన అప్పటికే నిచ్చెన వేయించుకుని నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. లుంగీ మోకాళ్ల పైకి కట్టి, నెత్తికి తువ్వాలు చుట్టాడు. పక్కన ఆయన మనవరాలు, చేతిలో బకెట్టు. ఆ అమ్మాయి వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయంలో చదువుతోంది, సెలవులకి వచ్చింది. మనల్ని చూసి పెద్దాయన పలకరింపుగా తల ఊపి, అందుబాటులో ఉన్న ఒక కొమ్మని కిందికి వంచాడు.

కొమ్మ చివర ఆకుల్లేవు. పది రోజుల కింద ఆయనే ఆకులన్నీ కత్తిరించి, తొడిమలు మాత్రం వదిలేశాడు. అవి అంగుళం పొడవున పసుపు రంగుకి తిరిగి, పుల్ల చుట్టూ ముళ్లలా నిలబడి ఉన్నాయి.

"ముట్టుకోండి," అన్నాడు.

వేలి కొసతో తాకాం. తొడిమ ఊడి అరచేతిలో పడింది. ఇంకోటి తాకితే అదీ పడింది. గుంజాల్సిన పని లేదు.

"అదీ లెక్క. లాగితే ఊడేది పచ్చిది, అది పనికిరాదు. ముట్టుకుంటే రాలాలి. రాలిందంటే లోపల మొగ్గకి ఆకలి పుట్టిందని."

పుల్ల చివర మొగ్గ చూడండి. గింజలా ఉబ్బి, పైపొర బిగువుగా ఉంది కానీ ఇంకా పగల్లేదు. ఆకులు పోయాక చెట్టు ఆ కొమ్మకి పంపే ఆహారమంతా ఆ మొగ్గలో చేరింది. ఇవాళ కోసి కట్టేస్తే రెండు మూడు వారాల్లో చిగురేస్తుంది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే చెట్టు మీదే పగిలి చిగురైపోతుంది. అప్పుడు కోసినా వృథా.

*

ఈ చెట్టు చిన్నరసం. ఇంటివాళ్లు మాత్రం దీన్ని బావికాడి చెట్టు అనే అంటారు. ఈ తోటలో రసాలు చాలానే ఉన్నా, దీని కాయ వేరని రైతు తాత కాలం నుంచీ పేరు. టెంక సన్నం, పీచు తక్కువ, తొక్క మరీ పల్చన. పట్నానికి పంపితే దారిలోనే చితుకుతుంది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లారీ ఎక్కి ఢిల్లీ దాకా పోగల కాయ అది. చిన్నరసం ఇంటి గుమ్మంలో కూర్చుని, రెండు చేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక కొరికి జుర్రుకోవాల్సిన కాయ. చాకుకి లొంగదు, వ్యాపారికీ అంత తేలిగ్గా లొంగదు.

నూజివీడును ఏలిన మేకా వారి జమీందారీ 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయింది. 2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా వదిలి ఏలూరు జిల్లాలో చేరింది. చెట్టు కదల్లేదు, చుట్టూ అన్నీ కదిలాయి. ఇప్పుడు చెట్టు వంతు వచ్చింది. తోట కొట్టేసి పామాయిల్ వేయాలని రైతు నిర్ణయించుకున్నాడు. పూత నిలవడం లేదు, తామర పురుగుకి మందుల ఖర్చు పెరిగింది, కాయ రేటు చేతికొచ్చేసరికి కూలి డబ్బులు కూడా మిగలడం లేదు. ఆయన్ని తప్పుపట్టడానికి మనం ఎవరం? కానీ బావికాడి చెట్టు ఒక్కదాన్ని మాత్రం ఇంకెక్కడైనా బతికించుకోవాలని ఆయన తల్లి పట్టుబట్టింది. అందుకని పెద్దాయన్ని పిలిచారు.

పిలిచింది ఇవాళ కాదు, ఫిబ్రవరిలో. ఆ రోజు రైతు అనుకున్నది ఒక గంట పని: వస్తాడు, నాలుగు పుల్లలు కోసుకుంటాడు, పోతాడు. పెద్దాయన చెట్టు చుట్టూ మూడు సార్లు తిరిగి, ఒక్క పుల్ల కూడా కోయకుండా వెళ్లిపోయాడట.

"ముసలి చెట్టండీ. అప్పుడు కొసలన్నీ పూతలో ఉన్నాయి. పూసిన కొమ్మకి మళ్లీ చిగురేసే ఓపిక ఉండదు. అలాంటి పుల్ల కడితే ఎండుద్ది, లేకపోతే అంటు మీదే పూత పూసి చచ్చిపోద్ది," అన్నాడు నిచ్చెన మీంచి.

అందుకని పూత అయిపోయాక మళ్లీ వచ్చి, పడమటి వైపు ఎండ బాగా తగిలే నాలుగు కొమ్మలు వెనక్కి కొట్టించాడు. కోసిన చోటల్లా బోర్డో పేస్టు పూశాడు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఆ నీలిరంగు ఇప్పటికీ మోడుల మీద కనపడుతోంది, చూడండి. ఆ మోడుల నుంచి గుంపుగా లేచిన చిగుళ్లలో బలమైనవి ఉంచి మిగతావి గిల్లేశాడు. అవే ఇప్పుడు నాలుగు నెలల వయసున్న ఈ కొమ్మలు. బెరడు ఇంకా ఆకుపచ్చగానే ఉంది, వంచితే వంగుతుంది, కానీ లోపల చేవ పట్టడం మొదలైంది. మరీ లేతదైతే కుళ్లుతుంది, మరీ ముదురైతే అతకదు.

మధ్యలో మేలో ఇంకోసారి వచ్చాడు. ఆ రోజు చేసిన పనల్లా ఒకటే: మిగతా కొమ్మలకు కాసిన కాయ తినడం. తిని, టెంక చూసి, "ఇదే," అని వెళ్లిపోయాడట. పేరుకీ చెట్టుకీ సంబంధం ఉందని నోటితో తేల్చుకున్నాక గానీ ఆయన చాకు తీయడు.

*

రైతు వచ్చాడు. బైకు దిగుతూనే సెల్‌ఫోన్ జేబులో పెట్టి, "బాబాయ్, ఎట్టాగూ వచ్చావు గదా, ఆ నాలుగు చెట్ల అవతలున్న దాని పుల్లలు కూడా తీసుకో. కిందటేడు గుత్తదారు దాన్నే మెచ్చుకున్నాడు. చూడు ఎంత ఏపుగా ఉందో," అన్నాడు.

నిజమే. చెట్టు గొడుగులా గుండ్రంగా ఉంది. ఆకు నిగనిగలాడుతోంది. అందుబాటు ఎత్తులోనే వందల పుల్లలు.

పెద్దాయన దిగి, ఆ చెట్టు కిందికి నడిచాడు. మనమూ వెనకే. తలెత్తి కాసేపు వెతికి, కర్రతో ఒక చోట చూపించాడు. ఆకుల మధ్య, కోడిగుడ్డంత నల్లటి ముద్ద. ఎండిపోయి, గట్టిగా, కొమ్మకి వేలాడుతోంది. దూరం నుంచి చూస్తే పాత పిచ్చుకగూడు అనుకుంటాం.

"ఫిబ్రవరిలో ఇది కాలీఫ్లవర్ పువ్వులా ఉండేది. పూతే. కానీ విచ్చుకోదు, పిందె పట్టదు, ముద్ద కట్టుకుపోద్ది. తతిమ్మా పూతంతా రాలినా ఇది మాత్రం రాలదు. ఏడాదంతా ఇట్టాగే వేలాడుద్ది. కావాలంటే ఇంకో రెండు చూపిస్తా."

"దాన్నే మాల్‌ఫార్మేషన్ అంటారండీ," అంది మనవరాలు. "మొదట బీహార్‌లో దర్భంగా దగ్గర 1891లో రాసిపెట్టారు. వైరస్ అని కొందరు, నల్లి అని కొందరు, పోషకాల లోపం అని కొందరు డెబ్బై ఏళ్లకి పైగా వాదించుకున్నారు. 1966లో గానీ ఫ్యుజేరియం అనే శిలీంద్రం పని అని తేలలేదు. మామిడి మీద దొరికిన ఆ రకానికి 2002లో ఫ్యుజేరియం మాంజిఫెరె అని విడిగా పేరు పెట్టారు. అది మొగ్గల్లోనే కాపురం ఉంటుంది. మొగ్గల మధ్య తిరిగే నల్లి దాన్ని మోసుకెళ్తుంది. ఆ మొగ్గనే మనం కోసి అంటు కడితే చేతులారా కొత్త తోటకి పంపినట్టే."

ఈ తెగులు ఉత్తరాదిలో ఎక్కువ, మన వైపు తక్కువ. తక్కువగా ఉన్నది తక్కువగానే ఉండాలంటే ఏం చేయాలో ఈ నల్లటి ముద్ద చెబుతోంది. నర్సరీలో లేత మొక్కకి కూడా ఇది వస్తుంది. అప్పుడు కణుపులు దగ్గరపడి, ఆకులు పొలుసుల్లా కురచబారి, కొస గుత్తిలా తయారవుతుంది.

"పోనీ, ముద్ద ఉన్న కొమ్మ వదిలేసి ఇటు పక్కది తీస్తే?" అన్నాడు రైతు.

"ఈ చెట్టుది ఏదీ వద్దు అబ్బాయిగారూ."

ఆ 'వద్దు' లో కోపం లేదు, బేరానికి చోటూ లేదు. రైతు కాసేపు చెట్టుకేసి చూశాడు. తోటని ఏటా గుత్తకిచ్చే మనిషి. పూత కాలంలో చెట్ల కింద తిరిగేది గుత్తదారు మనుషులు, కాయ కోసుకుని పోయేదీ వాళ్లే. చెట్టు ఏ నెలలో ఎలా ఉంటుందో సొంతదారుకి తెలిసే అవకాశమే లేదు.

"మరి దానికి ఈ మందుల్లాంటివేమైనా…"

"మందేసుకో, ముద్దలున్న కొమ్మలు జానెడు కిందికి కొట్టి కాల్చు. కాయ తిను. పుల్ల మాత్రం పంచిపెట్టకు."

తిరిగి వస్తుంటే ఆయన కర్ర ఒక్కో చెట్టు దగ్గరా ఒక్క క్షణం ఆగింది. ఒకదాని మొదట్లో రంపపుపొట్టు లాంటి పొడి ఉంది: కాండం తొలిచే పురుగు. ఇంకోదాని ఆకుల మీద పసుపు అంచున్న నల్లటి ఉబ్బెత్తు మచ్చలు: బాక్టీరియా. మరో చెట్టు నెత్తిన వేరే ఆకుల గుబురు, మామిడి రక్తం తాగి బతికే బదనిక. ఇంకోదానికి చిగుళ్లు కురచగా ఉన్నాయి. "కల్తార్ పోశారా దీనికి?" అని అడిగాడు. రైతు అవునన్నాడు. మొదట్లో పోసే ఆ మందు పూత రప్పిస్తుంది, ఎదుగుదలని అణుస్తుంది. దాని పుల్ల తెగులుది కాకపోయినా అంటుకి అక్కర్లేదు. ఎనభై చెట్ల తోటలో తల్లి కాగలిగిన చెట్టు ఒక్కటి తేలింది.

*

ఇప్పుడు కోత. మనవరాలు కట్టర్ నోటిని స్పిరిట్ ముంచిన దూదితో తుడిచి అందించింది. ప్రతి కొమ్మ మారినప్పుడల్లా మళ్లీ తుడుస్తుంది. పెద్దాయన చిన్నప్పుడు ఇవేమీ లేవు. చాకుని లుంగీకి తుడుచుకునేవాళ్లమని ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఇప్పుడు మాత్రం మనవరాలు దూది అందించేదాకా చెయ్యి చాచి ఆగుతాడు.

టక్. పుల్ల తెగిన చోట తెల్లటి సొన ఊరింది. ఆ వాసన తెలుసు మీకు: పచ్చికాయ కోసినప్పటి ఘాటు, కాస్త కర్పూరం కలిపినట్టు. చివరి మొగ్గ పైకి ఉండేలా జానెడు కొలిచి, పుల్లని అడుగు నుంచి కొంచెం చీల్చి వెలుతురుకి పట్టాడు. లోపల మీగడ రంగు. దాన్ని బకెట్లో వేశాడు. ఇంకోటి చీల్చాడు. బెరడు కింద వెంట్రుకంత గోధుమరంగు గీత. అది కింద గోనె మీదికి పడింది.

"పైకి రెండూ ఒకటే," అన్నాం మనం.

"పైకి ఒకటే."

ఆ గీత కొమ్మ ఎండు తెగులుది. ముసలి చెట్లలో అది ఏ లక్షణమూ చూపకుండా చెక్కలో దాక్కుంటుంది. చెట్టు తట్టుకుంటుంది. జానెడు పుల్ల తట్టుకోలేదు. అంటు కట్టిన పది రోజులకి అతుకు నల్లబడితే, కట్టిన చెయ్యి మంచిది కాదంటారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, పుల్లదే.

కొన్నిటికి చివర సూదిమొనంత రంధ్రం ఉంది. కొమ్మ తొలిచే పురుగు దూరి, లోపలి గుజ్జు తినేసింది. అవీ గోనె మీదికే. చెట్టు నడుమ నీడలో నిటారుగా లేచిన కొమ్మలు ఏపుగా కనిపించాయి కానీ, వాటి జోలికే పోలేదు. ఎండ ఎరగని కొమ్మలో పస ఉండదట. ఎండలో, చేయి చాచినట్టు పక్కకి పెరిగినవే కోశాడు.

కోత అయ్యేసరికి తడిగుడ్డలో చుట్టిన కట్ట ఒక చేతి పిడికిలంత. గోనె మీద పారేసిన కుప్ప దానికి రెండింతలు.

తడిగుడ్డ మీద అరటి దొప్ప చుట్టి, పైన పాలిథిన్ కవర్ వేసి, మనవరాలు ఒక అట్టముక్క కట్టింది. దాని మీద బాల్‌పెన్నుతో రాసింది: రకం, చెట్టు పేరు, తోట, తేదీ. పెద్దాయన నీలం రంగు డబ్బా తెప్పించి చెట్టు మానుకి చుట్టూ పట్టీ గీశాడు. ఇలా చుట్టిన పుల్లలు మూడు నాలుగు రోజులు ఆగుతాయి. పెద్దాయన మూడు గంటలు కూడా ఆగడు.

*

ఆటోలో కట్ట ఆయన ఒళ్లోనే ఉంది. పెళ్లిలో తలంబ్రాల పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. గతుకుల్లో ఊగుతూ ఆయన చెప్పిన సంగతి వినండి.

"మా నాన్న కాలంలో పుల్ల కోసే పనే లేదు. టెంక మొక్కల కుండల్ని ఎడ్లబండి మీద తోటకే తోలుకుపోయేవాళ్లు. చెట్టు కింద మంచె కట్టి, మంచె మీద కుండలు పెట్టి, చెట్టు కొమ్మ చెట్టుకి ఉండగానే దాని బెరడూ మొక్క బెరడూ చెక్కి, రెండూ ఆనించి కట్టేవాళ్లు. రెండు మూడు నెలలు అక్కడే. రోజూ మంచె ఎక్కి నీళ్లు పోయాలి. అతికాక కొమ్మని కొంచెం కొంచెంగా కోస్తూ చెట్టు నుంచి వేరు చేసేవాళ్లు."

ఒక చెట్టు కింద ఎన్ని కుండలు పడతాయి? కొన్నే. అందుకే ఆ పద్ధతి వెనకబడింది. ఇప్పుడు వెనీర్ అంటు, మెత్త కొమ్మ మీద చీలిక అంటు, మొలకెత్తి రెండు వారాలైనా కాని రాగిరంగు మొలక మీద టెంక అంటు వచ్చాయి. ఒక చెట్టు పుల్లలతో వందల మొక్కలు కట్టొచ్చు, ఊళ్లు దాటించొచ్చు. కడియం నర్సరీల నుంచి అంటు మొక్కలు లారీల్లో దేశమంతా పోతున్నాయంటే ఈ సౌకర్యం వల్లే.

కానీ ఆటో కుదుపుల మధ్య ఆయన మాట పట్టుకుంటే ఇంకో సంగతి తోస్తుంది. అప్పుడు కుండ చెట్టు దగ్గరికి వెళ్లేది, ఇప్పుడు పుల్ల మొక్క దగ్గరికి వస్తోంది. కుండ వెళ్లిన రోజుల్లో కొనేవాడు కూడా చెట్టు కింద నిలబడేవాడు. పూత ఎలా ఉందో, కాయ ఎలా ఉందో చూసే మంచె మీద కుండ కొనేవాడు. పుల్ల ప్రయాణం మొదలుపెట్టాక తల్లి ముఖం ఎవరూ చూడటం లేదు. కట్టలో పుల్ల ఉంటుంది, దానికి ఒక పేరు ఉంటుంది, ఆ పేరు నిజమో కాదో తేలడానికి అయిదేళ్లు పడుతుంది.

ఇది నాకు తగిలిన దెబ్బే. మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో నాటడానికి ఒక నర్సరీ నుంచి చిన్నరసం అంట్లు రెండు తెచ్చాను. నీళ్లు పోసి, కంచె కట్టి, కంటికి రెప్పలా చూసుకుంటే అయిదో ఏట కాపుకొచ్చాయి. ఒకటి కలెక్టర్ రకం కాయ కాసింది. రెండోదానికి కాయ రాలేదు, కొస కొసకీ పూత ముద్దలు వచ్చాయి. ఆ ముద్ద పేరు ఇవాళ ఈ తోటలో తెలిసింది. ఎవరో ఎక్కడో ఆ 'వద్దు' అనకపోవడం వల్ల నా అయిదేళ్లు పోయాయి.

పోనీ, పుల్ల గొడవ లేకుండా టెంకే నాటుకుంటే? మన రసాల టెంకలో ఒకటే పిండం ఉంటుంది. అది తల్లి పువ్వుకీ, ఏ తేనెటీగో ఈగో మోసుకొచ్చిన పరాయి పుప్పొడికీ పుట్టిన బిడ్డ. తల్లిలా ఉండాలని ఏమీ లేదు. పడమటి తీరంలో ఒలూర్ లాంటి రకాలకి ఒకే టెంకలోంచి నాలుగైదు మొలకలు వస్తాయి, వాటిలో ఎక్కువ అచ్చు తల్లి పోలికే. మనకి ఆ అదృష్టం లేదు. చిన్నరసం అనేది ఎప్పుడో ఎవరి పెరట్లోనో పారేసిన టెంక నుంచి అనుకోకుండా లేచిన ఒకే ఒక్క చెట్టు. మిగతావన్నీ దాని కొమ్మలే, వేర్వేరు వేర్ల మీద. ఆ ఒక్క చెట్టు ఇన్ని తరాలుగా చావకుండా బతుకుతోంది. దాని తీపి దానితోపాటే బతుకుతోంది, జబ్బు తగిలితే జబ్బూ అంతే.

*

పెద్దాయన షెడ్డు అంటే నాలుగు రాటలు, పైన ఆకుపచ్చ నీడవల. కింద నల్ల కవర్లలో వరసగా వేరుమొక్కలు. పోయిన ఏడాది జూన్‌లో నాటు కాయల టెంకలు ఏరి, నీళ్ల తొట్టిలో పోసి, మునిగినవే విత్తాడు. మామిడి జీడికి ఆయువు తక్కువ, నెల దాటితే మొలవదు. ఇప్పుడు వాటికి ఏడాది వయసు. వానకి కొత్త చిగురు వేసి, కొసలు రాగిరంగులో మెరుస్తున్నాయి. చీలిక అంటుకి ఇదే అదను.

పెద్దాయన పీట మీద కూర్చున్నాడు. పక్కన ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు కట్టడానికి, ఒకరు టోపీ తొడగడానికి. గాలిలో తడిమట్టి, ఎరువు, సొన కలిసిన వాసన. ఒంటి మీద చెమట ఆరదు. అంటుకి ఈ ఉక్కపోతే మేలు.

చాకు చూడండి. వేరుమొక్క తల ఒక్క వేటుకి పోయింది. మిగిలిన కాండం నడిమికి అంగుళమున్నర లోతున నిలువు చీలిక. పుల్ల అడుగుని రెండు వైపులా అంతే పొడవున పలుగులా చెక్కాడు. చెక్కు నున్నగా ఉండాలి, రెండోసారి చాకు పడకూడదు. పుల్లని చీలికలోకి దింపి, బెరడు బెరడుకి ఒక పక్కనైనా ఆనేలా జరిపాడు. ఆ బెరడు కింద సన్నటి పచ్చ పొర ఉంది. అతికేది అదే. పక్కామె పాలిథిన్ పట్టీ కింది నుంచి పైకి బిగించి చుట్టింది. రెండో ఆమె సన్నటి పాలిథిన్ గొట్టం టోపీలా తొడిగింది. ఇదంతా మనం ఊపిరి పీల్చి వదిలినంత సేపు.

పనస కొయ్యని వీణగా మలిచే చేతులు ఈ నూజివీడులోనే ఉన్నాయి. ఆ కొయ్య పని చూడటానికి జనం వస్తారు. ఈ పని చూడటానికి ఎవరూ రారు.

"ఆపిల్, బేరి పళ్లకి ఇంకా కష్టమండీ," అంది మనవరాలు, పుల్లలు అందిస్తూ. "కాశ్మీర్, హిమాచల్ వైపు. వాటికి వైరస్‌లు ఎక్కువ. పుల్లలో ఉన్నా పైకి ఏమీ కనపడదు, చీల్చి చూసినా గీత ఉండదు. ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించాలి. వైరస్ ఉంటే మొక్కని వేడి గదిలో వారాల తరబడి పెంచి, చివరి మొగ్గ కొస మాత్రం తుంచి గాజుగొట్టంలో మళ్లీ మొక్క చేస్తారు. మన మామిడికి అలాంటి పెద్ద వైరస్ పేరు వినపడదు గానీ, మిగతావన్నీ మొగ్గ ఎక్కి ప్రయాణం చేసేవే."

ఆ పిల్ల మాటల్లోనే ఇంకో వార్త ఉంది. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో క్లీన్ ప్లాంట్ ప్రోగ్రాంని ఆమోదించింది. సుమారు 1,766 కోట్ల రూపాయలతో దేశంలో తొమ్మిది చోట్ల కేంద్రాలు. మామిడికి బెంగళూరు, లక్నో ఉద్యాన సంస్థల్లో. తెగుళ్లు లేవని పరీక్షలో తేలిన తల్లి చెట్లని అక్కడ కాపాడి, వాటి పుల్లలే నర్సరీలకి ఇవ్వాలని ఉద్దేశం. నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది. అక్కడ తల్లి చెట్ల వరసల్లో ఏ చెట్టు ఏమిటో రాసి ఉంటుంది. బంగినపల్లి కావాలన్నా, పేరున్న రసం కావాలన్నా అక్కడి నుంచి తెచ్చుకోవడమే తెలివి.

"మరి బావికాడి చెట్టు?" అన్నాం.

"అది ఎవరి లిస్టులోనూ లేదు కదండీ," అందామె. "అలాంటివి ఊరికి రెండు మూడు ఉంటాయి. వాటిని పరీక్షించేది తాత కళ్లే."

*

సాయంత్రం అయ్యేసరికి వరస పూర్తయింది. టోపీల లోపల అప్పుడే ఆవిరి పట్టి, పుల్లలు మసకగా కనిపిస్తున్నాయి. రైతు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టారు.

"అయిపోయిందంట గదా బాబాయ్? సోమవారం కటింగ్ వాళ్లొస్తున్నారు. ఇంక బావికాడిదీ కొట్టించెయ్యొచ్చా?"

"వద్దు అబ్బాయిగారూ."

"మొక్కలు అతికేదాకానా? నెల ఆగమంటావా?"

"అతకడం ఒక లెక్క, కాయడం ఇంకో లెక్క. తోట కొట్టుకో. పట్టీ గీసిన చెట్టు ఒక్కటీ బావికి కాపలా ఉంచు. ఈ మొక్కలకి కాయొచ్చి, అమ్మగారు తిని, ఇదే అన్నరోజు నువ్వు నన్ను అడగబోకు. నీ ఇష్టం."

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. రైతు లెక్క వేసుకుంటున్నాడు కాబోలు: నాలుగేళ్లు, అయిదేళ్లు. ఒక చెట్టు నీడలో ఎన్ని పామాయిల్ మొక్కలు తగ్గుతాయో. చివరికి, "సరే, అమ్మకి చెబుతా," అని పెట్టేశాడు.

కట్టలో చివరి గుప్పెడు పుల్లలు మిగిలాయి. వెలుతురు తగ్గింది. పెద్దాయన కళ్లు చికిలించి ఒకటి చూసి, బాగుందని మనవరాలికి అందించాడు. ఆ అమ్మాయి అందుకుని, వెంటనే కట్టే ఆమెకి ఇవ్వలేదు. షెడ్డు అంచుకి వెళ్లి, పడమటి వెలుగుకి పట్టి, గోరుతో అడుగు కొంచెం చీల్చింది. చాలాసేపు చూసింది. తర్వాత నడుచుకుంటూ పోయి, పొద్దున గోనె మీద పారేసి వెంట తెచ్చిన పుల్లల్ని తగలబెడుతున్న మంటలో దాన్ని వేసింది.

పెద్దాయన చూశాడు. ఆమె తిరిగొచ్చేసరికి పీట మీంచి లేచి, పుల్లల కట్ట దగ్గర ఆమెకి చోటు వదిలి, తను అవతలి పక్కకి జరిగి, పట్టీ చుట్టే పనికి కూర్చున్నాడు.